సౌందర్యానికి వెల: యశ్‌పాల్ ‘దివ్య’ – అభిరుచికి వెలుపలి ఆస్వాదం

తెలుగు నవలా పాఠకులలో చారిత్రక నవలకూ సాంఘిక నవలకూ మధ్య గీత చాలాకాలం క్రితమే పడింది. కొమర్రాజు లక్ష్మణరావు కృషితో నడిచిన విజ్ఞాన చంద్రికా మండలి పోటీలు పెట్టి చారిత్రక నవలలను రాయించిన నాటినుండి అడివి బాపిరాజు, విశ్వనాథ సత్యనారాయణ, నోరి నరసింహశాస్త్రిల వరకు సాగిన శాఖకు గతవైభవ స్మరణ ఒక ప్రధాన ప్రేరణ. ఉన్నవ, చలం, కొడవటిగంటి కుటుంబరావుల రచనలతో పెరిగిన పాఠకవర్గం వేరు. వీరికి అద్దె ఇల్లు, కట్నం బేరం, కూలి రేటు కథావస్తువులు. అంతఃపురం, వసంతోత్సవం, రత్నఖచిత కంచుకం వంటి మాటలు కనబడగానే పుస్తకం మూసేసే అలవాటు కూడా వీరిలో ఉంది. ఆ అలవాటును చాలామంది అభిరుచి అనరు, సిద్ధాంతం అంటారు. గతాన్ని అలంకరించడమంటే అందులోని అన్యాయాన్ని కప్పిపుచ్చడమేనన్నది వారి వాదం. ఈ వాదం చాలా నవలల విషయంలో నిజమే.

అయితే అలాంటి పాఠకుడు తన అలవాటుకు విరుద్ధంగా ఒక చారిత్రక నవలను ఇష్టంగా చదివినప్పుడు ఏం జరుగుతుంది? నవల తన సిద్ధాంతానికి అనుకూలంగా ఉంది గనుక నచ్చిందని చెప్పి ఊరుకోవచ్చు. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఓల్గా నుంచి గంగకు’ను తెలుగువారు చదివిన తీరు చాలావరకు ఇదే. అక్కడ చరిత్ర పాఠంగా అందింది, పాఠకుని అభిరుచికి పెద్దగా పరీక్ష ఎదురుకాలేదు. హిందీ నవలాకారుడు యశ్‌పాల్ 1945లో ప్రచురించిన ‘దివ్య’ అంత సులభంగా లొంగదు. ఇందులో వసంతోత్సవం ఉంది, నృత్యం ఉంది, మద్యపాత్రలున్నాయి, పూలరథాల వంటి పల్లకీలున్నాయి. వాటిని తీసివేసి మిగిలిన ‘సారాన్ని’ మెచ్చుకోవడం కుదరదు. నవల చెప్పదలచినదంతా ఆ అలంకరణ గుండానే చెబుతుంది.

ఈ స్థితిని అర్థం చేసుకోవడానికి అభినవగుప్తుని రసవిఘ్న వివేచన అనూహ్యంగా ఉపకరిస్తుంది. రసప్రతీతికి అడ్డుపడే ఏడు విఘ్నాలను అభినవభారతి పేర్కొన్నది. వాటిలో మొదటిది సంభావనా విరహం, అంటే ‘ఇది జరగగలది’ అన్న నమ్మకం కలగకపోవడం. దానికి ఆయన చెప్పిన విరుగుడు ప్రఖ్యాత వస్తువు. లోకంలో చిరకాలంగా ప్రసిద్ధమైన కథానాయకులను తీసుకుంటే ప్రేక్షకుని నమ్మకం స్థిరపడుతుంది. వాస్తవికతావాద నవలకు అలవాటుపడిన ఆధునిక పాఠకుని విషయంలో ఈ సూత్రం తలకిందులైంది. అతనికి సమకాలికమైనది నమ్మదగినది. ప్రఖ్యాతమైన గతమే సంభావనను చెడగొడుతుంది. విరుగుడే విఘ్నమైన స్థితి ఇది.

మూడవ విఘ్నం ఇంకా ఆసక్తికరం. సొంత సుఖదుఃఖాలలో మునిగిపోయిన ప్రేక్షకునికి ఎదుట ఉన్నదానిమీద మనసు నిలవదు. దానికి అభినవగుప్తుడు సూచించిన ఉపాయాలు వాద్యం, గానం, విచిత్రమైన మండపాలు, వాటితోపాటు విదగ్ధలైన గణికలు. వీటి రంజకత్వం వల్ల హృదయం నిర్మలమై, సహృదయుడు కానివాడు సైతం సహృదయుడవుతాడని ఆయన అభిప్రాయం. అలవాటులేని ఆస్వాదాన్ని సాధ్యం చేసే సామగ్రిలో గణిక ఒకటి. వీణనూ మండపాన్నీ పేర్కొన్న వరుసలోనే ఆమెనూ పేర్కొన్నారు. శాస్త్రదృష్టిలో ఆమె ప్రేక్షకుని సంస్కరించే సాధనం. ఆ సాధనం ఎలా తయారైందన్న ప్రశ్న శాస్త్రం పరిధిలోనిది కాదు. ‘దివ్య’ ఆ పరిధిని దాటుతుంది. మొదటి ప్రకరణంలో ఇదే సామగ్రితో విముఖుడైన పాఠకుని ఆకట్టుకొని, తర్వాతి ప్రకరణాలలో ఆ సామగ్రి వెల ఎంతో లెక్క చెబుతుంది.

యశ్‌పాల్ నేపథ్యం తెలిసినవారికి ఈ నవల మొదట వింతగా తోస్తుంది. ఆయన (1903–1976) హిందుస్థాన్ సోషలిస్ట్ రిపబ్లికన్ సైన్యంలో పనిచేసిన విప్లవకారుడు. 1932లో అరెస్టయి 1938 వరకు జైలులో ఉన్నాడు. విడుదలైన తర్వాత లక్నో నుండి ‘విప్లవ్’ పత్రిక నడిపాడు. ‘దాదా కామ్రేడ్’, ‘దేశద్రోహి’ వంటి సమకాలిక రాజకీయ నవలలు రాసిన చేతితోనే క్రీస్తుపూర్వపు మద్రదేశాన్ని కల్పించాడు. ఇది చరిత్ర కాదనీ, చారిత్రక కల్పన మాత్రమేననీ ముందుమాటలోనే స్పష్టం చేశాడు. మద్రదేశ రాజధాని సాగల నగరం, అంటే నేటి సియాల్‌కోట్ ప్రాంతం. యవనరాజు మిలిందుని పేరుతో బౌద్ధ వాఙ్మయంలో ప్రసిద్ధమైన చోటు అది. మిలిందుని తరువాతి కాలంలో అక్కడొక గణరాజ్యం నడుస్తూ ఉంటుంది. యవన కులీనులు, బ్రాహ్మణులు, బౌద్ధులు, కొత్తగా ధనం సంపాదించిన శ్రేష్ఠులు ఒకరినొకరు తోసుకుంటున్న నగరం. తూర్పున మగధలో పుష్యమిత్రుని పాలనలో వర్ణవ్యవస్థ మళ్లీ బలపడుతున్న గాలి ఇక్కడికీ వీస్తూ ఉంటుంది.

కథ మధుపర్వంతో ఆరంభమవుతుంది. నగరమంతా చూస్తుండగా కళలలోనూ శస్త్రవిద్యలోనూ పోటీలు. ధర్మస్థుడు దేవశర్మ ప్రపౌత్రి దివ్య మరాళీ నృత్యం చేసి ‘సరస్వతీపుత్రి’ గౌరవం పొందుతుంది. ప్రేష్ఠుని కుమారుడు పృథుసేనుడు ఖడ్గవిద్యలో శ్రేష్ఠుడని నిర్ణయమవుతుంది. ఈ భాగాన్ని యశ్‌పాల్ ఏ మాత్రం పిసినారితనం లేకుండా వర్ణించాడు. వస్త్రాల రంగులు, మాలల బరువు, వాద్యాల క్రమం, జనంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న వివరం అన్నీ ఉన్నాయి. వర్ణనలంటే విసుగుపడే పాఠకుడు మొదటిసారి వీటిలో సగం దాటవేసినా ఆశ్చర్యం లేదు. కానీ ఆ కూర్చునే క్రమమే తర్వాత వచ్చే గొడవకు మూలం.

సరస్వతీపుత్రి పల్లకీకి కులీన యువకులు భుజం పట్టడం ఆచారం. విజేతగా నిలిచిన పృథుసేనుడు ముందుకు వస్తాడు. బ్రాహ్మణ యువకుడు రుద్రధీరుడు అడ్డుపడతాడు. దాసుని కొడుక్కు ఆ హక్కు లేదంటాడు. కత్తి దూసేదాకా పోయిన వివాదం ధర్మస్థుని న్యాయపీఠానికి చేరుతుంది. అప్పటిదాకా అలంకారంగా కనబడిన పల్లకీ ఒక్కసారిగా కొలబద్ద అవుతుంది. దాని కొయ్యను ఎవరు తాకవచ్చునన్నదే సమాజ నిర్మాణమంతా. సుందరమైన వస్తువును వర్ణించి, ఆ వర్ణన కింద హక్కుల పత్రాన్ని బయటపెట్టడం ఈ నవల పద్ధతి. పల్లకీలో కూర్చున్న అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి కూడా అక్కడే ఉంది. యశ్‌పాల్ దాన్ని ఎత్తిచూపడు. ఆ నిగ్రహం ఆయన సాంఘిక నవలలలో అన్నిచోట్లా దొరకదు.

భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ నవల హిందీ ప్రయత్నపూర్వకంగా సంస్కృతమయమైనది. హిందీ పాఠకులలో కొందరికి ఇది కష్టంగా తోచింది. హిందీ మూలాన్ని చదివే తెలుగువారికి పరిస్థితి వేరు: ప్రాసాదం, శిబిక, దాసి, శ్రేష్ఠి, కంచుకం, అభిజాతుడు వంటి మాటలకు నిఘంటువు అక్కరలేదు. ఆ ‘శ్రేష్ఠి’యే మన ఊరి అంగట్లో శెట్టిగారు. అయితే ఈ పరిచయం వల్ల మేలుతోపాటు చిక్కూ ఉంది. తెలుగువారి చెవికి ఈ తత్సమాలు ప్రబంధం నుండీ, పౌరాణిక చిత్రాల సంభాషణల నుండీ సంక్రమించినవి. ‘ఆర్యా’ అన్న పిలుపు వినగానే కిరీటం, గద కళ్లముందు మెదులుతాయి. అలాంటి భాషలో దాసీల క్రయవిక్రయాలూ, పాలివ్వడానికి కుదుర్చుకున్న బేరమూ చదవవలసి రావడం వల్ల ఆ మాటల మీది మెరుగు క్రమంగా చెదరుతుంది. భాషను మార్చకుండా భాష మీది భ్రమను తొలగించడం అనువాదంలో నిలబెట్టుకోవడం కష్టమైన గుణం.

పృథుసేనుడు యుద్ధానికి వెళ్లేముందు దివ్య అతనికి తనను తాను అర్పించుకుంటుంది. అతడు విజయంతో తిరిగివస్తాడు. కాని గణపతి మిథ్రోద్రసుని కుటుంబంలోని సీరోతో వివాహం అతని భవిష్యత్తుకు అవసరమని తండ్రి ప్రేష్ఠుడు నిర్ణయిస్తాడు. స్త్రీ జీవితానికి గమ్యం కాదు, జీవితాన్ని సఫలం చేసుకునే ఉపకరణం అన్నది అతని బోధ. ఇది దుర్మార్గుని మాట కాదు. దాస్యం నుండి పైకి వచ్చినవాడు అనుభవసారంగా చెబుతున్న మాట. పల్లకీ కొయ్య దగ్గర అవమానం పొందిన కుటుంబమే ఆ అవమానం మళ్లీ జరగకుండా ఉండేందుకు చేసుకున్న ఏర్పాటులో దివ్య ఎగిరిపోయింది. పీడితుని పట్ల సానుభూతితో నవల మొదలుపెట్టిన పాఠకుడు ఇక్కడ ఇబ్బంది పడతాడు, పడాలి కూడా. నవల అతని సానుభూతిని తప్పుపట్టదు. ఒక అణచివేతను గుర్తించిన మనిషికి మరొక అణచివేత దానంతట అది కనబడదని మాత్రం చూపుతుంది.

గర్భవతి అయిన దివ్య ఇల్లు విడిచి, దాసవర్తకుని చేతికి చిక్కి, మథురలో పురోహితుడు చక్రధరుని ఇంట ‘దారా’ అవుతుంది. నవలలో అతి తక్కువ అలంకరణ ఉన్న భాగం ఇదే. వాక్యాలు పొట్టివవుతాయి, రంగులు, పూలు మాయమవుతాయి. యజమాని బిడ్డకు పాలివ్వడానికి ఆమెను కొన్నారు. ఆమె సొంత బిడ్డ శాకులుడు ఆకలితో చిక్కిపోతూ ఉంటాడు. దూడను కట్టివేసి పాలు పితుక్కునే పాడి పద్ధతి ఎరిగిన పాఠకునికి ఈ దృశ్యాన్ని వ్యాఖ్యానించి చెప్పవలసిన పనిలేదు. మధుపర్వంలో నగరం ఉప్పొంగి చూసిన దేహమే ఇది. అక్కడ నృత్యానికి పనికివచ్చింది, ఇక్కడ పాలకు పనికివస్తోంది. మొదటి ప్రకరణంలోని వర్ణనా సమృద్ధికి న్యాయం ఇక్కడ తెలుస్తుంది. ఆ సమృద్ధి లేకపోతే ఈ లేమికి కొలత ఉండదు. వర్ణనలను దాటవేసిన పాఠకుడు ఇక్కడికి వచ్చాక వెనక్కి వెళ్లి మధుపర్వాన్ని మళ్లీ చదవడం సహజం.

బిడ్డతో పారిపోయి ఆమె బౌద్ధ విహారంలో శరణు కోరే ఘట్టం నవలకు గుండెకాయ. స్థవిరుడు తండ్రి, భర్త, పుత్రుడు వీరిలో ఎవరి అనుమతి ఉన్నదని అడుగుతాడు. దాసికైతే యజమాని అనుమతి కావాలంటాడు. వినయపిటకం ప్రకారం స్త్రీ సంఘప్రవేశానికి తల్లిదండ్రుల, భర్త అనుమతి అవసరం. దాస్యంలో ఉన్నవారికి ప్రవ్రజ్య నిషిద్ధం. ఇక్కడ రచయిత బౌద్ధాన్ని నిందించడానికి ఏదీ కల్పించలేదు, నియమాన్ని నియమంగా చూపాడు. తథాగతుడు అంబపాలికి శరణిచ్చాడు కదా అని దివ్య అడుగుతుంది. వేశ్య స్వతంత్ర స్త్రీ అని సమాధానం వస్తుంది.

ఈ సమాధానంలోని తర్కం దిగ్భ్రాంతి కలిగిస్తుంది, కాని అందులో లోపం లేదు. ఎవరి సొత్తూ కానిది అందరి సొత్తయిన స్త్రీ మాత్రమే. ధర్మం ఆమెను స్వతంత్రురాలిగా గుర్తిస్తుంది, ఎందుకంటే ఆమె తరఫున అభ్యంతరం చెప్పే యజమాని ఎవరూ లేరు. స్వేచ్ఛ కావాలంటే వేశ్య కావాలి అన్న నిర్ణయానికి దివ్య రావడంలో ఆవేశం లేదు. స్థవిరుడు చెప్పిన నియమాన్నే ఆమె ఆచరణలో పెట్టబోతుంది. అదీ దక్కకపోగా యమునలో దూకుతుంది. బిడ్డ మరణిస్తాడు, ఆమెను నర్తకి రత్నప్రభ రక్షిస్తుంది. మథుర ఆమెను ‘అంశుమాల’గా ఎరుగుతుంది.

ఆ కాలపు హిందీ నవలకు నర్తకి, గణిక ఇష్టమైన కేంద్రపాత్రలు. భగవతీచరణ్ వర్మ ‘చిత్రలేఖ’ (1934) ఒకవైపు, ఆచార్య చతురసేన్ ‘వైశాలీ కీ నగరవధు’ (1949) మరొకవైపు దీనికి ఉదాహరణలు. మొదటిది పాపపుణ్యాల చర్చకు మొగ్గితే, రెండవది అంబపాలి కథను విశాలమైన రాజకీయ చిత్రపటంలో పరచింది. ‘దివ్య’ ప్రత్యేకత గణిక కావడానికి ముందున్న దారిని అడుగడుగునా చూపడం. అంశుమాల నృత్యాన్ని మెచ్చుకునే మథుర రసికులకు తెలియనిది పాఠకునికి తెలుసు. ఆమె ముఖంలోని నిర్లిప్తత వారికి విలాసంగా కనబడుతుంది, పాఠకునికి శాకులుడు కనబడతాడు. అభినవగుప్తుడు చెప్పిన విదగ్ధగణిక ఇక్కడ రంజింపజేస్తూనే ఉంది. కాని ఆ రంజన నుండి పాఠకుని హృదయం నిర్మలంగా బయటపడదు, మరకతో బయటపడుతుంది. శాస్త్రం పరిహరించమన్న కలతే ఇక్కడ ఆస్వాదంలో భాగమైంది.

వాస్తవికతకు అలవాటైన పాఠకుడు ఇక్కడ ఊరట పొందే ప్రమాదం ఉంది: ‘నేను అనుకున్నదే నిజం, సౌందర్యమంతా మోసమే’ అని. నవల ఆ ఊరటను కూడా ఇవ్వదు. దివ్య నృత్యం మోసం కాదు. దాసిగా ఉన్నప్పుడు ఆమె కోల్పోయినవాటిలో కళ కూడా ఒకటి. తిరిగి నాట్యం చేయగలగడం ఆమెకు బతుకుతెరువు మాత్రమే కాదు. సాగలలోని రాజనర్తకి మల్లిక తన విద్యకు వారసురాలిని వెదుక్కుంటూ మథుర దాకా వచ్చి దివ్యను గుర్తుపడుతుంది. గురుశిష్యుల మధ్య ఆ విద్య పట్ల ఉన్న శ్రద్ధను యశ్‌పాల్ ఎక్కడా ఎగతాళి చేయలేదు. అందం ఒక మేలు. దాన్ని ఎవరు అనుభవిస్తున్నారు, ఎవరు చెల్లిస్తున్నారు అన్నది వేరొక ప్రశ్న. ఈ రెంటినీ విడదీసి చూడడం తెలుగు అభ్యుదయ విమర్శకు ఎప్పుడూ తేలిక కాలేదు. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం ఈ నవల వచ్చిన రెండేళ్లకు, 1947లో వచ్చింది. ఆ చట్టానికి దారితీసిన చర్చలలోనూ ఆచారాన్ని ఖండించే వాదం, కళాకారిణుల విద్యను కాపాడాలన్న వాదం ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ‘దివ్య’ ఆ చర్చకు నేరుగా సంబంధించినది కాకపోయినా, ఆ చిక్కుముడి స్వభావం ఎరిగిన నవల.

మల్లిక తన స్థానంలో దివ్యను నిలపబోయిన రోజున సాగలలో అధికారం రుద్రధీరుని పక్షానిది. ద్విజకన్య వేశ్యాసనం మీద కూర్చోవడం వర్ణధర్మానికి విరుద్ధమని నిషేధం వస్తుంది. అదే కన్య మథురలో బానిసగా అమ్ముడుపోయినప్పుడు ధర్మానికి ఏ భంగమూ కలగలేదు; అది ఎవరూ చూడలేదు కదా! నలుగురిలో జరిగేదే ధర్మానికి హాని. ఆమె నగరద్వారం దాటి పాంథశాలకు చేరుతుంది. అక్కడికి ముగ్గురు వస్తారు. రుద్రధీరుడు కులవధువు గౌరవాన్ని, భిక్షువైన పృథుసేనుడు బౌద్ధధర్మ శరణాన్ని, చార్వాకుడైన శిల్పి మారీశుడు తన సుఖదుఃఖాలలో పాలును ఇవ్వజూపుతారు. ఆమె మూడవవానిని స్వీకరిస్తుంది.

ముగింపు గురించి అభ్యంతరాలున్నాయి. మారీశుడు పాత్రగా బలహీనుడు. నవల పొడుగునా సరైన సమయానికి ప్రత్యక్షమై సరైన మాట చెప్పి పోతాడు. రచయిత అభిప్రాయాలకు అతడు గొంతు మాత్రమే అన్న విమర్శ కాదనలేనిది. పృథుసేనుని తిరస్కరిస్తూ దివ్య నిర్వాణం స్త్రీ ధర్మం కాదు, సృష్టియే స్త్రీ ధర్మం అన్న వాదాన్ని ఆశ్రయించడం మరింత ఇబ్బందికరం. బిడ్డకు పాలివ్వలేక పోగొట్టుకున్న స్త్రీ నోట ఆ మాట రావడంలో వేదన ఉంది, నిజమే. కాని ఆమెను అంతదాకా తెచ్చిన వ్యవస్థ కూడా ఆమెను సృష్టి ఉపకరణంగానే చూసింది.

ఈ సందర్భంలో తెలుగు పాఠకునికి మధురవాణి గుర్తుకు రాకమానదు. ‘కన్యాశుల్కం’ చివర సౌజన్యారావు ఎదుట ఆమె మాట్లాడే తీరులో బేరం ఉంది, చమత్కారం ఉంది, గెలుపూ ఉంది. తన వెల తెలిసిన మనిషి ధీమా ఆమెది. తర్వాత ఎక్కడికి పోతుందో, ఎవరితో బతుకుతుందో గురజాడ తేల్చలేదు. దివ్యకు ఆ చమత్కారం లేదు. యశ్‌పాల్ ఆమెకు హాస్యాన్ని ఒక్క పిసరు కూడా ఇవ్వలేదు. మధురవాణిని ఎరిగిన పాఠకునికి ఇది పెద్ద లోటుగానే కనబడుతుంది. బదులుగా ఆమెకు తేలిన గమ్యం దొరికింది.

అయితే ఆ గమ్యాన్ని ఆమె ఏ మాటతో అందుకుంటుందో చూడాలి. కడపటి దృశ్యంలో మారీశుని వైపు చేతులు చాచి దివ్య కోరేది ‘ఆశ్రయం’. విహారద్వారం దగ్గర స్థవిరుని కోరినది కూడా శరణమే. అక్కడ అనుమతిపత్రం అడిగారు, ఇక్కడ అడగలేదు. ఇచ్చేవాడు మారాడు, షరతులు పోయాయి. అడగవలసిన అవసరం మాత్రం పోలేదు. ఇది రచయిత పరధ్యానమా, లేక ఆ సమాజంలో స్త్రీకి అంతకు మించిన క్రియాపదం లేదన్న గుర్తింపా అన్నది నవల తేల్చదు. ఆ మాట పలికే సమయానికి పాంథశాల బయట తెల్లని శిబికలు లేవు, వాద్యాలు లేవు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న క్రమం లేదు.